ఎదిగే పిల్ల ఫిడేలు

నాకు చెప్పుల కొట్టు ఉంది. అది కాక సరళీ వరసలూ జంట వరసలూ కూడా వచ్చునని ప్రభుత్వం వారు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. కొట్టుకి వచ్చినవాళ్లు గోడమీది సర్టిఫికెట్టు చూసి, "వీరభద్రంగారూ, మీకు ఫిడేలు కూడా వచ్చాండీ?" అని గౌరవంగా అడుగుతారు. ఆ గౌరవం చూసి బేరం ఆడడం మానేసినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరు. నిజానికి నాకు ఫిడేలు రాదు. దాని తీగెలు ఎన్నో అడిగినా ఒకసారి లెక్కపెట్టుకుని చెప్పాలి. మరి సర్టిఫికెట్టు ఎలా వచ్చిందంటే, మా అమ్మాయికి ఫిడేలు నేర్పిద్దామని బళ్లో వేయడం వల్ల వచ్చింది.

మా అమ్మాయి పేరు మందార. అప్పటికి దానికి ఏడో ఏడు. గిన్నె కింద పడినా, వీధి గేటు కిర్రుమన్నా ఆ చప్పుడుకి గొంతు కలిపి చూసుకోవడం దాని అలవాటు. కుక్కరు కూత వేస్తే ఇదీ అదే శ్రుతిలో కూత వేసేది. ఎన్ని కూతలయ్యాయో తెలియక అన్నం రోజూ ముద్దయిపోతోందని మా ఆవిడ రత్నకుమారి మొత్తుకునేది. దీన్ని ఎక్కడో ఒకచోట సంగీతంలో వేయకపోతే మనం తిండి తినలేమండీ అని తేల్చి చెప్పింది. మా ఊళ్లో ప్రభుత్వ సంగీత పాఠశాల ఒకటుంది. అక్కడికి తీసుకెళ్లాను.

ఫిడేలు చెప్పే విశాలాక్షి టీచరుగారు పిల్లని ఒక పాట పాడమని అయినా అడగలేదు. ఎడమ చెయ్యి ముందుకి చాపమన్నారు. గాజు తలుపుల బీరువా తెరిచి, ఫిడేళ్లు ఒక్కొక్కటీ తీసి ఆ చెయ్యి పక్కన ఆనించి చూశారు. నిండు ఫిడేలు తల మందార వేళ్లు దాటి ఎక్కడికో పోయింది. అర ఫిడేలుకి చెయ్యి కాస్తలో అందలేదు. పావు ఫిడేలు పెట్టేసరికి దాని తల సరిగ్గా వచ్చి అరచేతిలో కూర్చుంది. "ఇదమ్మా నీది" అన్నారు ఆవిడ. చాపమీద కూర్చోబెట్టి, ఫిడేలు అడుగు కొస ఎడమ భుజం దగ్గర ఛాతీకి ఆనించి, తల కుడి చీలమండమీద నిలిపారు. కమాను చేతికిచ్చి ఒక్కసారి లాగమన్నారు.

మందార లాగింది. వచ్చిన చప్పుడు అంత బాగుందని చెప్పలేను గాని, అది వినగానే పిల్ల మొహం మతాబాలా వెలిగింది. నేను కాళ్లకి చెప్పులు కుదిర్చి బతికేవాణ్ణి. కుదరడం అంటే ఏమిటో కంటితో చూస్తే తెలుస్తుంది. ఆ ఫిడేలు ఆ పిల్లకి కుదిరింది.

ఈ కుదరడం అన్నది మా ఊళ్లో పిల్లల విషయంలో అరుదు. పిల్లలకి సరిపోయేవి ఇక్కడ ఎవరూ కొనరు. లంగా కుట్టిస్తే అడుగున రెండు మడతలు వేయించాలి, జాకెట్టు కుట్టిస్తే కుట్ల లోపల గుడ్డ దాచాలి. ఎదిగే పిల్ల కదా. బూట్లయితే రెండు సైజులు పెద్దవి తీసుకుని ముందు భాగంలో దూది కుక్కుతారు. కాలు బూటుకి సరిపోయే రోజుకి బూటు నోరు తెరుస్తుంది కాబట్టి, సరిపోయిన బూట్లు ఎలా ఉంటాయో మా ఊరి పిల్లలు పెళ్లికి గాని ఎరగరు. వ్యాపారస్తుడిగా నాకు అందులో నష్టమేమీ లేదు. దూది కూడా కొట్లో నేనే ఉంచుతాను, ఊరికే ఇస్తాను.

మా ఇంట్లో ఎదిగేది మందార ఒక్కతే. మా అమ్మ మాత్రం ఏటికేడాదీ తగ్గుతోంది. ఇదివరకు పై అరలోని ఆవకాయ జాడీ తనే చెయ్యెత్తి దింపేది. ఇప్పుడు పీట వేసుకున్నా అందడం లేదు. ఆదివారం పూట ఈ మామ్మా మనవరాలూ తలుపు దగ్గర వీపులు ఆనించి నిలబడి ఎవరు ఎంతవరకూ వచ్చారో కొలుచుకుంటారు. నేను పెరుగుతున్నాను, నువ్వు ఎదురొస్తున్నావు మామ్మా అంటుంది మందార. ఇద్దరికీ అదొక సరదా.

నాలుగు నెలల్లో మందార సరళీ వరసల్లో పడింది. సాయంత్రం బడికి తీసుకెళ్లి, అయ్యేదాకా అరుగుమీద కూర్చుని తీసుకొచ్చేవాణ్ణి. అలాంటి ఒక సాయంత్రం ఉపసంచాలకులు త్రివిక్రమరావుగారు తనిఖీకి వచ్చారు. సంగీత పాఠశాలల్లో వాద్యాలన్నీ ఈయన చేతి కింద ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒక ఉత్తర్వు చదువుతున్నట్టు మాట్లాడే మనిషి. ఫిడేలు తరగతిలో అడుగుపెట్టి, మందార వాయించింది విని, సంతృప్తికరముగా ఉన్నదన్నారు. బాలికకు సందేహములేవైనా ఉన్నచో నివృత్తి చేయబడునని కూడా సెలవిచ్చారు.

మందార తన ఫిడేలు వైపు ఒకసారి చూసుకుంది. "నేను పెద్దయితే ఇది కూడా పెద్దదవుతుందాండీ?" అని అడిగింది.

తరగతిలో అందరూ నవ్వారు. త్రివిక్రమరావుగారు నవ్వలేదు. ఆయన మొహం క్రమంగా గంభీరమైంది. అవదు అన్నారు ముందు. తరవాత కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చి, "అనగా బాలిక వృద్ధి చెందును, వాద్యము వృద్ధి చెందదు" అన్నారు. "అనగా కొద్దికాలములోనే పనికిరాకుండా పోవునని తెలిసి కూడా మన శాఖ ఈ వాద్యమును బాలల చేతికి ఇచ్చుచున్నది. ఇన్నాళ్లూ ఇది ఎవరి దృష్టికీ రాలేదా?"

ఒకరికి చిన్నదైతే వెనకాల వచ్చే పిల్లలకి ఇస్తామనీ, ఆ పావు ఫిడేలుమీద ఇప్పటికి ఎంతోమంది నేర్చుకున్నారనీ విశాలాక్షి టీచరుగారు చెప్పబోయారు. వ్యక్తులను చూడకండి టీచరుగారూ, విధానమును చూడండి అని ఆయన చెయ్యెత్తి ఆపారు. అప్పుడే ఆయన చూపు గుమ్మంలో ఉన్న నామీద పడింది. అంతకుముందు రోజు ఆయన భార్యగారు మా కొట్లోనే వాళ్లబ్బాయికి బూట్లు కొన్నారు.

"మా వాడికి సరిపోయే బూట్లే ఇచ్చారా మీరు?" అన్నారు.

"లేదండి. రెండు సైజులు పెద్దవి ఇచ్చానండి. అమ్మగారు అలాగే అడిగారండి."

"మరి మధ్యలో ఖాళీ?"

"దూది కుక్కానండి."

త్రివిక్రమరావుగారు టీచరుగారి వైపు తిరిగి, ఒక పాదరక్షల వర్తకుడికి ఉన్న ముందుచూపు మన శాఖకు కొరవడినది అన్నారు బాధగా. అంత పెద్ద అధికారి నలుగురిలో నన్ను మెచ్చుకున్నందుకు నాకు ఆ క్షణంలో ఛాతీ ఉప్పొంగిన మాట నిజం.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. వృద్ధిశీల బాలల వాద్య విధానమట దాని పేరు. ఇకమీదట వాద్యమును విద్యార్థి ప్రస్తుత పరిమాణమును బట్టి గాక భావి పరిమాణమును బట్టి కేటాయించవలెను. చిన్న వాద్యములను బీరువాలో భద్రపరచి, తాళము వేసి, లక్క ముద్ర వేయవలెను. బయటి వాద్యములు ఆవరణలోనికి అనుమతింపబడవు. మందార దగ్గర పావు ఫిడేలు తీసుకుంటున్నప్పుడు టీచరుగారు నా మొహం చూడలేకపోయారు. పిల్ల ఏడవలేదు, గొడవ చేయలేదు. కమానుకి అంటిన పొడి మెల్లిగా తుడిచి ఇచ్చేసింది.

బీరువాకి గాజు తలుపులు అవడం వల్ల వచ్చిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. లోపలున్న ఫిడేలు బయటికి కనబడుతుంది. మందార రోజూ బళ్లోకి వస్తూనే గాజుకి ముక్కు ఆనించి దాన్ని ఒకసారి చూసుకుని, అప్పుడు తరగతిలోకి వెళ్లేది.

బజార్లో వాద్యాల కొట్టుకి వెళ్లి పావు ఫిడేలు ఉందా అని అడిగాను. చిన్నవి మా ఊళ్లో ఎవరూ కొనరనీ, ఎదిగే పిల్లలు కాబట్టి అందరూ నిండు ఫిడేలే పట్టుకెళతారనీ కొట్టాయన చెప్పాడు. ఎక్కడినించో తెప్పించినా దాన్ని బడి గుమ్మం దాటనివ్వరు. ఇంటి దగ్గర పాఠం చెప్పడానికి టీచరుగార్లకి అనుమతి లేదు. మందారకి ఫిడేలు రావాలంటే అది ఆ బళ్లోనే రావాలి, ప్రభుత్వం వారి నిండు ఫిడేలుతోనే రావాలి.

నిండు ఫిడేలు మందార ఛాతీకి ఆనిస్తే తల చీలమండ దాటి పక్క పిల్లాడి ఒళ్లోకి పోయింది. ఎడమ చెయ్యి ఎంత చాపినా వేళ్లు స్వరస్థానాల దాకా పోవు. కమాను సగం లాగేసరికే చెయ్యి అయిపోయేది. వారం తిరిగేసరికి ఇంట్లో కుక్కరు ఒక్కతే కూస్తోంది. అన్నం పలుకు పలుకుగా వస్తోందని మొదట్లో రత్నకుమారి సంతోషించింది. మూడో రోజుకి ఆ నిశ్శబ్దం ఆవిడకీ పట్టుకుంది. కూత వచ్చినప్పుడల్లా వంటింట్లోంచి తొంగి చూసేది. పిల్ల వసారాలో మాట్లాడకుండా కూర్చుని ఉండేది. మెప్పు సంపాదించిన దూది గురించి ఆ తరవాత ఎవరి దగ్గరా గొప్ప చెప్పుకోలేదు.

పిల్లలకీ ఫిడేళ్లకీ మధ్య అంతరం ఎక్కువగా ఉందని విశాలాక్షి టీచరుగారు పై ఆఫీసుకి రాశారు. సదరు అంతరమును స్థానిక వనరులతో పూరించుకొనవలెనని జవాబు వచ్చింది. స్థానిక వనరులంటే ఏమిటని బళ్లో అందరూ కలిసి ఆలోచించారు. ముందు దిళ్లు వేశారు. దిండు మీద కూర్చోబెడితే మందార ఎత్తయింది గాని చెయ్యి పొడుగవలేదు. తరవాత పీటలు వేశారు. ఆఖరికి టీచరుగారు తరగతంతా కలయజూసి, అరుగుమీద ఖాళీగా కూర్చున్న నా మీద చూపు నిలిపారు. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోమన్నారు. పొడుగాటి చెయ్యి ఒకటి కావాలి, అది నాకు ఉంది. ఎడమ చెయ్యి నాది, కుడి చేతి కమాను మందారది. బూటులో దూది పని నాకూ, నా వెనకే మిగతా తండ్రులకీ పడింది.

ఫిడేలుమీద వేలు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి గీతలూ గుర్తులూ ఉండవు. టీచరుగారు రి అంటే నా వేలు రికీ గకీ మధ్య ఎక్కడో పడేది. మందార ఒళ్లో ఉలిక్కిపడేది. "అంత జారకు నాన్నా. వెనక్కి, ఇంకా వెనక్కి" అని గొణిగేది. దాని చెవికి అది ఎంత బాధో దాని వీపు బిగుసుకోవడంలో నాకు తెలిసేది. అయినా అది కమాను ఆపేది కాదు. ఆపితే ఆ చప్పుడు కూడా ఉండదని భయం కాబోలు.

తనిఖీకి మళ్లీ వచ్చిన త్రివిక్రమరావుగారు ఒళ్లో పిల్లలతో వరసగా కూర్చున్న తండ్రుల్ని చూసి ముచ్చటపడిపోయారు. కుటుంబ భాగస్వామ్యమన్నారు. దాన్ని పాఠశాలంతటా అమలు చేయమన్నారు. నాట్యం తరగతిలో గజ్జెలన్నీ పెద్దవాళ్ల కాళ్ల కొలతకి మార్చారు. తల్లులు గజ్జెలు కట్టుకుని, తమ పాదాలమీద పిల్లల్ని నిలబెట్టుకుని తకధిమి వేయడం మొదలుపెట్టారు. గాత్రం తరగతిలో మగపిల్లలకి పెద్దయ్యాక గొంతు దిగుతుంది కాబట్టి, శ్రుతిపెట్టె ఇప్పట్నించే ఆ దిగిన శ్రుతికి పెట్టాలన్నారు. ఆ గొంతు వచ్చేదాకా పిల్లలు నోరు మూసుకుని కూర్చోవాలి, తండ్రులు పాడాలి. మీసాలున్న తండ్రులు వరసగా కూర్చుని సరిగమలు పాడుతుంటే వీధిలో పోయేవాళ్లు భజన అనుకుని చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారు.

హాజరు పట్టీలో చేతుల్ని వేరువేరుగా వేయడం అప్పుడే మొదలైంది. మందారకి జలుబు చేసి రాకపోతే నేనొక్కణ్ణీ వెళ్లి తీగెలమీద వేళ్లు ఆడించి వచ్చేవాణ్ణి. ఎడమ చెయ్యి హాజరు, కుడి చెయ్యి గైర్హాజరు అని వేసేవారు. కొట్లో కొత్త సరుకు దిగి నేను వెళ్లని రోజు మందార వెళ్లి ఉత్త తీగెలమీద కమాను లాగి వచ్చేది.

పరీక్ష దగ్గరికొచ్చాక అసలు చిక్కు వచ్చింది. మార్కులు ఎవరికి వేయాలి? ఈ సంగతి పై ఆఫీసులో చాలా లోతుగా చర్చించారట. స్వరమును నిర్ణయించునది ఎడమ చేయి, కుడి చేయి కేవలము సహకరించును, కావున ఎడమ చేయి గలవారే విద్యార్థి అని నిర్ణయం వచ్చింది. దాంతో గజ్జెలు కట్టే తల్లులకీ, పాడే తండ్రులకీ మారినట్టే ప్రవేశం నా పేరుకీ మారింది. విద్యార్థి పేరు వీరభద్రం. మందార పేరు మాత్రం కొట్టేయలేదు. విద్యార్థికి సంరక్షకులు ఒకరు ఉండాలి కాబట్టి ఆ గడిలోకి మార్చారు. ఎనిమిదో ఏట అడుగుపెడుతూనే మా అమ్మాయికి నా బాధ్యత మీద పడింది.

మా అమ్మ ఈ వార్త విని చాలాసేపు నవ్వి, ఇకనైనా నువ్వు చెప్పిన మాట వింటావేమో అంది నాతో.

పరీక్షకి ముందు వెనకబడిన విద్యార్థుల సంరక్షకుల్ని పిలిపించి మాట్లాడాలని నియమం. మందారకి పిలుపు వచ్చింది. మనవరాలి హోదా చూద్దామని మా అమ్మ కూడా మాతో బయల్దేరింది. ఆఫీసు గదిలో త్రివిక్రమరావుగారు, పక్కన విశాలాక్షి టీచరుగారు ఉన్నారు. సంరక్షకురాలిగారిని కుర్చీలో కూర్చోమన్నారు. మందార ఎక్కి కూర్చుంది. కాళ్లు నేలకి అందలేదు. మా అమ్మకి పక్కన బల్ల వేశారు. నేను విద్యార్థిని కాబట్టి చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాను.

"మీ తండ్రి సాధనలో మిక్కిలి వెనుకబడి ఉన్నాడు" అన్నారు త్రివిక్రమరావుగారు.

"తెలుసండి" అంది మందార.

"కారణమేమిటని మీ అభిప్రాయం?"

"వేళ్లు లావండి. రి మీద పెడితే గ కూడా నొక్కేస్తాడండి. ఇంటి దగ్గర చేద్దాం రమ్మంటే కొట్టుకి టైమయిందంటాడండి."

అన్నీ నిజాలే. త్రివిక్రమరావుగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఎన్నేళ్లయిందో అలా బళ్లో తల దించుకుని. విద్యార్థి భవిష్యత్తు గూర్చి సంరక్షకులకు సందేహములేవైనా ఉన్నవా అని ఆయన అలవాటు ప్రకారం అడిగారు.

మందార ఒకసారి బల్లమీది మామ్మని చూసింది, ఒకసారి నన్ను చూసింది. "మా మామ్మ ఏటేటా చిన్నదైపోతోందండి. మా నాన్న కూడా అలాగే చిన్నవాడైపోతాడాండీ?" అంది.

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. త్రివిక్రమరావుగారు మా అమ్మని పరిశీలనగా చూశారు. తరవాత నన్ను తల నించి కాళ్ల దాకా చూశారు. లేచి కిటికీ దాకా నడిచారు. ఆ నడక నాకు తెలుసు.

"అవుతాడు" అన్నారు వెనక్కి తిరిగి. "ఈ విద్యార్థి వృద్ధిశీలుడు కాడు. ఇతడు క్షయశీలుడు. భావి పరిమాణమును బట్టి వాద్యము ఇవ్వవలెనని మనమే ఉత్తర్వు వేసి, నానాటికీ తరిగిపోవు మనిషికి నిండు వాద్యము ఇచ్చి కూర్చున్నాము. రేపు ఇతడు దీనిని మోయలేకపోయినచో శాఖ ఏమి సమాధానము చెప్పును?"

"మరి ఎంతది ఇమ్మంటారండీ?" అన్నారు విశాలాక్షి టీచరుగారు.

"ఇచ్చునదేదో ముందుచూపుతోనే ఇవ్వండి. మిక్కిలి చిన్నది."

"పావు ఫిడేలు ఉందండి."

"అది చాలునా?"

టీచరుగారు నన్నొకసారి ఎగాదిగా చూసి, మనిషి మరీ అంతకన్నా తగ్గకపోవచ్చునండి అన్నారు.

వరండాలోని బీరువా లక్క ముద్ర త్రివిక్రమరావుగారు తన చేత్తోనే పగలగొట్టారు. క్షయశీల వయోజన విద్యార్థికి తొలి వాద్య ప్రదానమని నలుగురు తండ్రుల్ని పిలిచి చప్పట్లు కొట్టించారు. నా ఎత్తు కొలిపించి పట్టీలో రాయించి, పావు ఫిడేలు నా చేతిలో పెట్టారు. నా చూపుడువేలు పెడితే ఏకంగా రెండు తీగెలు కనబడకుండా పోయాయి. భుజానికి ఆనిస్తే దాని తల నా మోకాలి దాకా కూడా రాలేదు. విద్యార్థికీ వాద్యానికీ మధ్య అంతరం చాలా ఉందని టీచరుగారు వినయంగా మనవి చేశారు. అంతరమును స్థానిక వనరులతో పూరించుకొనవలెనని లోగడే చెప్పి ఉన్నామని ఆయన విసుక్కున్నారు. ఇంకో పాఠశాల తనిఖీ ఉందని జీపెక్కి వెళ్లిపోయారు.

స్థానిక వనరు అప్పటికే చాపమీద మఠం వేసుకుని కూర్చుంది. నేను ఫిడేలు అందించాను. మందార దాన్ని ఛాతీకి ఆనించుకుని, తల చీలమండమీద నిలుపుకుని, కాసేపు కమాను ఎత్తకుండా ఊరికే పట్టుకుని కూర్చుంది. తరవాత స పలికించింది. రి పలికించింది. అది రి అని, ఇన్ని నెలలుగా నేను నొక్కిందేదీ రి కాదని సంగీతం రాని నాకు కూడా తెలిసింది. టీచరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను తుడుచుకోవడానికి కళ్లజోడు లేదు. గోడ వైపు తిరిగాను.

ఆ ప్రశ్న మందార అమాయకంగా అడిగిందో, కావాలని అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది. మామ్మని అడిగితే ఆవిడా నవ్వి ఊరుకుంటుంది. నిన్నటిదాకా గజ్జెలు కట్టుకున్న తల్లులకీ, మగ శ్రుతిలో గొంతు చించుకున్న తండ్రులకీ ఈ సంగతి చెప్పడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. నెల తిరిగేసరికి ఆ పాఠశాలలో విద్యార్థులంతా క్షయశీలురయ్యారు. చిన్న గజ్జెలు మళ్లీ బయటికొచ్చాయి. శ్రుతిపెట్టెల్లో శ్రుతి పైకి లేచింది. పిల్లలు నోళ్లు తెరిచారు.

పరీక్ష రోజున నేను తలదువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని విద్యార్థి స్థానంలో కూర్చున్నాను. నా ముందు నా లోటు పూరించడానికి మందార కూర్చుంది. సరళీ వరసలు మూడు కాలాల్లోనూ వాయించింది. జంట వరసల్లో ఒకచోట కళ్లు మూసుకుంది. నేను వెనకాల తాళం వేశాను. అందులో కూడా ఒకటి రెండు చోట్ల తప్పితే, అది వెనక్కి చూడకుండానే మోచేత్తో నా మోకాలిమీద పొడిచి సరిదిద్దింది. పొరుగూరినించి వచ్చిన పరీక్షాధికారి చివరదాకా విని, చాలా హాయిగా ఉన్నదయ్యా నీ వాయిద్యం, ఇట్లాగే కష్టపడు అని నా భుజం తట్టాడు. నేను లేచి ఆయనకి నమస్కారం పెట్టాను. మందార మొహంలో ఇంత కూడా కోపం లేదు. సర్టిఫికెట్టు ఎవరి పేరున వస్తే దానికేం, ఫిడేలు దాని ఒళ్లో ఉంది. ఆ రాత్రి మా ఇంట్లో కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఎవరికీ తెలియలేదు. ముద్దయిన అన్నం నలుగురం మారు అడిగి తిన్నాం.

ఇది జరిగి ఏడాది దాటింది. మొన్న విశాలాక్షి టీచరుగారు మందారని మళ్లీ చెయ్యి చాపమన్నారు. పావు ఫిడేలు తల అరచేతిలోకి రాకుండా మణికట్టు దగ్గరే ఆగిపోయింది. పిల్ల ఎదిగింది, ఇక అర ఫిడేలు కావాలి. బీరువాలో ఉంది కూడా. కాని విద్యార్థిని నేను. క్షయశీల విద్యార్థికి ఉన్నదానికన్నా పెద్ద వాద్యం ఇవ్వడం విధానానికి పూర్తిగా విరుద్ధమని పై ఆఫీసు వారు తేల్చేశారు. విద్యార్థి తరగడము మాని తిరిగి పెరుగుచున్నాడని వైద్యాధికారి కొలిచి ధ్రువీకరించినచో పునఃపరిశీలింపబడునన్నారు. నా ఎత్తు పోయినేడు రాసుకున్నదానికన్నా ఎక్కువ ఉండాలన్నమాట. కొలిచేటప్పుడు బూట్లు విప్పాలని ఆ ఉత్తర్వులో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు.

నిన్న కొట్టు కట్టేసే ముందు మందారా నేనూ కలిసి బూట్లు ఎంచాం. అరలన్నీ వెతికి, మడమలు బాగా ఎత్తున్న నల్ల బూట్లు ఒక జత తీసింది. నేను తొడుక్కుని నాలుగడుగులు వేసి, అచ్చంగా సరిపోయాయే అన్నాను. మందార నన్ను కిందినించి పైకి ఒకసారి చూసి, తల అడ్డంగా ఊపింది.

"సరిపోయేవి వద్దు నాన్నా. రెండు సైజులు పెద్దవి తీసుకో, ఎదగాలి కదా" అంటూ దూది కోసం సొరుగు తెరిచింది.